మూడు చిల్లర వోల్టులతో బొగ్గింజను గొంతు

డార్జిలింగ్ కొండ రైలును 1889 నుంచి లాగుతున్న ‘బి’ తరగతి ఆవిరి ఇంజన్లంటే మోడల్ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేకమైన మోజు. దానికి ఒక లెక్క కూడా కలిసొచ్చింది. పెరట్లో నడిపే చిన్న రైళ్లలో ఒక అడుగును 16 మిల్లీమీటర్లకు కుదించే పద్ధతి ఒకటుంది. డార్జిలింగ్ పట్టాల మధ్య దూరం రెండడుగులు కాబట్టి మోడల్‌కు సరిగ్గా 32 మి.మీ. గేజి సరిపోతుంది. లోపల ఒక లిథియం సెల్లు, చిన్న మోటారు, గేర్లు పెడితే ఇంజను చక్కగా నడుస్తుంది. చప్పుడు దగ్గరే తంటా. చూడ్డానికి బొగ్గింజను, వినడానికి మిక్సీ.

ఆ మిక్సీకి ఛుక్‌ఛుక్‌లూ కూతా నేర్పాలనుకోగానే చాలామందికి మొదట పట్టుకునే టెన్షన్ వోల్టుల గురించే. సెల్లులో ఉన్నది 3.7 వోల్టులు. నిండా ఛార్జ్ చేస్తే 4.2, దిగిపోయాక 3. ఇంత కొంచెంతో స్పీకరు ఏం పలుకుతుంది?

లెక్క చూద్దాం. మామూలు పద్ధతి ఆంప్లిఫయర్ స్పీకరుకు ఒక వైపు మాత్రమే సిగ్నల్ ఇస్తుంది. 3.7 వోల్టుల సరఫరాలో సిగ్నల్ అటూ ఇటూ 1.85 వోల్టులకు మించి ఊగలేదు. 8 ఓముల స్పీకరుకు దక్కేది సుమారు 0.2 వాట్లు. అదే స్పీకరు రెండు తీగలనూ ఎదురెదురుగా నడిపితే, అంటే ఒకటి పైకి పోయినప్పుడు రెండోది కిందికి పోయేలా చేస్తే, ఊపు రెట్టింపవుతుంది. శక్తి వోల్టుల వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక నాలుగింతలై, దాదాపు 0.86 వాట్లకు చేరుతుంది. దీన్ని బ్రిడ్జి పద్ధతి అంటారు. పీఏఎం 8403 లాంటి చవక ఆంప్లిఫయర్ బోర్డులు చేసేది ఇదే. కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట్ల దొరికే ఈ బోర్డు 2.5 నుంచి 5.5 వోల్టుల మధ్య పనిచేస్తుంది.

ఇక సెల్లు వోల్టేజిని 5కి పెంచే బూస్ట్ కన్వర్టర్ తగిలిస్తే? 1.56 వాట్లు వస్తాయి. వినడానికి ఘనంగానే ఉంది కానీ, డెసిబెల్స్‌లో చూస్తే తేడా 2.6 మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల శక్తి కావాలి. పైగా ఇంజనులో పట్టే చిన్న స్పీకర్లు సాధారణంగా తట్టుకునేది ఒకటి రెండు వాట్లే. 12 వోల్టుల బ్యాటరీ దొరికినా ఆ శక్తంతా వాటి కాయిల్‌ను కాల్చడానికే పనికొస్తుంది. కాబట్టి వోల్టుల లోటు గురించి బెంగపడనక్కర్లేదు. అసలు లోటు గాలి దగ్గర ఉంది.

నమ్మకం లేకపోతే ఒక స్పీకరును తీగలతో గాల్లో పట్టుకుని పాట పెట్టి చూడండి. రేకు డబ్బాలోంచి వచ్చినట్టు కీచుగా ఉంటుంది. ఇప్పుడొక అట్టముక్కలో స్పీకరు ముఖం కంటే కాస్త చిన్నగా బొక్క కోసి, స్పీకరును దానికి అదిమి పట్టండి. ఒక్కసారిగా గొంతు నిండుతుంది. స్పీకరులో ముందుకూ వెనక్కీ ఊగే పొర, అంటే కోన్, ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. మధ్యలో అడ్డేమీ లేకపోతే ముందరి గాలి పక్కనుంచి జారి వెనక ఖాళీని పూడ్చేస్తుంది. శబ్దం పుట్టీ పుట్టకముందే రద్దయిపోతుంది. మంద్ర స్వరాలకే ఈ బాధ ఎక్కువ. 200 హెర్ట్జ్ అల పొడవు 1.7 మీటర్లు. దాని ముందు నాలుగు సెంటీమీటర్ల స్పీకరు చుట్టూ తిరిగి రావడం పెద్ద దూరమేమీ కాదు.

అందుకే స్పీకరు వెనక మూసేసిన డబ్బా ఉండాలి. గాలి దూరే సందు సూదిమొనంత కూడా వదలకుండా గ్లూతో సీలు వేయాలి. ‘బి’ తరగతి ఇంజనుకు బాయిలరును కప్పుతూ నీళ్ల ట్యాంకు ఉంటుంది. మోడల్‌లో అది ఎలాగూ ఖాళీయే కనుక దాన్నే డబ్బాగా వాడుకోవచ్చు, స్పీకరు ముఖం చాసిస్ వైపు కిందికి పెట్టి. ట్యాంకు రేకు అదిరి జరజరమంటుంటే లోపల మందపాటి టేపు అతికిస్తే సరిపోతుంది. నన్నడిగితే బోర్డు మీద పెట్టే డబ్బులో సగం తగ్గించి, ఆ శ్రద్ధ ఈ డబ్బా మీద పెట్టమంటాను.

డబ్బా ఎంత బాగున్నా చిన్న స్పీకరు లోతైన స్వరాలను పలకలేదు. ఒకే మోతాదు శబ్దం రావాలంటే ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గిన ప్రతిసారీ కోన్ నాలుగింతలు ఎక్కువ దూరం కదలాలి. 400 హెర్ట్జ్‌తో పోలిస్తే 100 హెర్ట్జ్ దగ్గర పదహారింతలు. మిల్లీమీటరు కూడా కదలని కోన్‌కు అది అయ్యే పని కాదు. అందుకని ఇంజను రికార్డింగులోంచి 200 హెర్ట్జ్ కంటే కిందివన్నీ సాఫ్ట్‌వేర్‌లో ముందే కోసేయడం మంచిది. ఎటూ వినపడని వాటి కోసం కోన్ ఊగిపోవడం మానేస్తుంది, మిగతా శబ్దాన్ని పగలకుండా పెంచుకోవచ్చు.

మరి లోతు పోదా అంటే, అంతగా పోదు. పాత టెలిఫోన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసుకెళ్లేవి. మగవాళ్ల గొంతు మూలస్వరం సుమారు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, అంటే ఫోన్లో అది రానేరాదు. అయినా అవతల మాట్లాడేది బాబాయో పిన్నో ఎవరూ పొరబడలేదు. మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతల్లో వచ్చే అనుస్వరాల మధ్య ఎడాన్ని బట్టి, లేని మూలాన్ని మెదడే పూరించుకుంటుంది. మోడల్ ఇంజనులో సగం బాస్ మన బుర్రలోనే మోగుతుందన్నమాట.

అయితే ఛుక్ ఎప్పుడు పడాలన్న దగ్గర మాత్రం చెవి అస్సలు క్షమించదు. ఆవిరి ఇంజను సిలిండరులో పిస్టన్‌ను ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి ఆవిరి నెడుతుంది. పని అయిపోయిన ఆవిరి పొగగొట్టంలోంచి ఎగజిమ్మినప్పుడల్లా ఒక ఛుక్. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఒక్కో సిలిండరుకు రెండు. అటూ ఇటూ రెండు సిలిండర్లు పావు చుట్టు తేడాతో పనిచేస్తాయి కాబట్టి మొత్తం నాలుగు. ‘బి’ తరగతి చక్రం వ్యాసం 26 అంగుళాలు, మోడల్‌లో 34.7 మి.మీ. చుట్టుకొలతను నాలుగుతో భాగిస్తే ప్రతి 27 మి.మీ.కు ఒక ఛుక్ పడాలి. అసలు రైలు గంటకు 12 కిలోమీటర్లు పోతుంటే సెకనుకు ఆరు చిల్లర ఛుక్కులు. మోడల్ కూడా తన కొలతకు తగ్గ వేగంతో పోతే అంతే.

ఇరుసు మీద నాలుగు చిన్న అయస్కాంతాలు అతికించి, పక్కన అయస్కాంతాన్ని పసిగట్టే రీడ్ స్విచ్చో హాల్ సెన్సరో పెడితే ఈ లెక్క దానంతటదే కుదురుతుంది. స్పీకరు వెనక ఉన్నది కూడా అయస్కాంతమేనని గుర్తుంచుకుని సెన్సరును దానికి కాస్త దూరంగా బిగించాలి. చవకగా దొరికే ఎంపీ3 బోర్డులు కూతకు పనికొస్తాయి కానీ ఛుక్కులకు పనికిరావు. ఒక్కో ఫైలు మొదలుపెట్టడానికే అవి కాస్త తడుముకుంటాయి, ఈలోగా చక్రం ముందుకెళ్లిపోతుంది. శబ్దాన్ని మెమరీలో సిద్ధంగా ఉంచుకునే ఈఎస్‌పీ 32 లాంటి మైక్రోకంట్రోలర్, అంటే బుల్లి కంప్యూటరు చిప్పు, నయం.

అన్నట్టు, ఈ ఛుక్కులు విడివిడిగా వినపడేది నెమ్మదిగా పోయే ఇంజన్లకే. మన బ్రాడ్‌గేజి మీద ఒకప్పుడు ఎక్స్‌ప్రెస్‌లు లాగిన డబ్ల్యూపీ ఇంజను చక్రం 5 అడుగుల 7 అంగుళాలు. గంటకు వంద కిలోమీటర్ల దగ్గర దానికి సెకనుకు ఇరవై ఛుక్కులు పడతాయి. అక్కడికొచ్చేసరికి చెవి వాటిని లెక్కపెట్టడం మానేసి ఒకే గర్జనగా వింటుంది.

డీజిల్ ఇంజనుకు ఈ సూత్రమే చెల్లదు. గుత్తి, కాజీపేట డీజిల్ షెడ్ల చుట్టుపక్కల పెరిగినవాళ్లకు పాత డబ్ల్యూడీఎం-2 ఎలా కదిలేదో గుర్తుండే ఉంటుంది. ముందు ఇంజను గుర్రుమనేది, నల్లపొగ లేచేది, ఆ తర్వాతే చక్రం కదిలేది. డీజిల్ యంత్రం కరెంటు పుట్టిస్తుంది, చక్రాలను తిప్పేది మోటార్లు. కనుక ఆ మోడల్‌లో శబ్దాన్ని ఇరుసుకు కాకుండా వేగం పెంచే మీటకు (థ్రాటిల్‌కు) ముడిపెట్టి, మోటారుకు ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా కరెంటివ్వాలి. ఆ కాస్త ఆలస్యమే బొమ్మకు బరువునిస్తుంది.

ఇక బ్యాటరీ సంగతి. ఒకే సెల్లు మీద మోటారూ శబ్దమూ నడుస్తుంటే, మోటారు కదిలే క్షణంలో కరెంటు ఒక్కసారిగా గుంజుకుని వోల్టేజి పడిపోతుంది. సౌండ్ బోర్డు రీసెట్ అయి, సరిగ్గా ఇంజను గట్టిగా ఊపిరి తీయాల్సిన చోట మూగబోతుంది. చాలామంది కాస్త కరెంటును దాచి ఉంచే 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి ఊరుకుంటారు. బోర్డు 0.2 ఆంపియర్లు వాడుతూ, 0.3 వోల్టుల పతనాన్ని ఓర్చుకోగలదనుకుంటే ఆ కెపాసిటర్ కాపాడేది ఒకటిన్నర మిల్లీసెకను. మోటారు బ్రష్‌ల చిటపటలకు అది చాలు, కదిలేటప్పటి కుంగుబాటుకు చాలదు. ఇందాక పక్కన పెట్టిన బూస్ట్ కన్వర్టర్‌కు అసలు పని ఇక్కడే దొరుకుతుంది. సెల్లు 3 వోల్టులకు కుంగినా అది 5 వోల్టులను నిలబెడుతుంది. అయితే ఊరికే ఏమీ రాదు. 5 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్లు ఇవ్వాలంటే అది కుంగిన సెల్లు నుంచి 0.6 దాకా లాగుతుంది. అందువల్ల మోటారును కూడా మెల్లగా వేగం అందుకునేలా అమర్చాలి, లేదా శబ్దానికి వేరే చిన్న సెల్లు పెట్టాలి. నిండు ఛార్జ్‌తో నడిపి చూసి సంబరపడితే లాభం లేదు. సెల్లు 3.4 వోల్టులకు దిగాక, ఎత్తు మీద, నాలుగు పెట్టెలు తగిలించి, కూత వేస్తూ బయల్దేరదీయండి. గొంతు తెగకపోతే వైరింగ్ కుదిరినట్టే.