పాట తెగితే తప్పు నెట్‌దేనా? ఇంటి మ్యూజిక్ సర్వర్ మీద అపోహలు - వాస్తవాలు

కింద హాల్లో డిస్కులోని పాటలను ఇంటి నెట్‌వర్క్‌లో పంపే లిరియన్ మ్యూజిక్ సర్వర్, మేడ మీద రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్‌లో వాటిని అందుకుని వినిపించే స్క్వీజ్‌లైట్ ప్లేయర్. తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఇలాంటి సెటప్‌లు సరిచేయడానికి వెళ్తే మేం తరచూ వినే మాటలివి.

అపోహ: నెట్ స్పీడ్ చాలట్లేదు, ప్లాన్ పెంచాలి.

వాస్తవం: పాట ఇంట్లో డిస్కులోనే ఉంటే బయటి నెట్‌తో పనే లేదు. సీడీ నాణ్యత పాటకు, అసలు కుదించకపోయినా, సెకనుకు 1,411 కిలోబిట్లు చాలు. రౌటర్ ఆన్‌లోనే ఉంచి ఫైబర్ వైరు పీకి చూడండి. అప్పుడూ పాట తెగుతుంటే గొడవ ఇంట్లోనే ఉంది.

అపోహ: రెండు స్పీకర్లు ఒకటి తగులుకుంటే ఇంకొకటి ఊడిపోతోందంటే వైఫై వీక్.

వాస్తవం: ముందు మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు నంబర్లు) చూడండి. ప్లేయర్‌ను సర్వర్ గుర్తుపట్టేది దాని మ్యాక్‌తోనే. మీరు పెట్టిన పేరుతో కాదు, ఐపీతోనూ (రౌటర్ ఇచ్చే అడ్రస్) కాదు. ఇద్దరికీ ఒకే మ్యాక్ ఉంటే, పాత ప్లేయరే మళ్లీ వచ్చిందనుకుని సర్వర్ మొదటిదాన్ని వదిలేస్తుంది. అది తిరిగి తగులుకోగానే రెండోది ఊడుతుంది. ఒకే రాస్ప్‌బెర్రీ పై మీద రెండు డ్యాక్‌లకు (డిజిటల్ పాటను స్పీకర్‌కిచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరాలు) రెండు స్క్వీజ్‌లైట్‌లు నడిపినా, ఒక ప్లేయర్ సెట్టింగుల ఫైలును మ్యాక్‌తో సహా ఇంకోదానిలోకి కాపీ కొట్టినా జరిగేది ఇదే. రెండో స్క్వీజ్‌లైట్‌కు చిన్న ‘ఎం’ (-m) ఆప్షన్‌తో 02:00:00:00:00:02 లాంటిది ఇవ్వండి. పెద్ద ‘ఎం’ (-M) మోడల్ పేరుకు, కలగలపొద్దు. 00:04:20తో మొదలయ్యే మ్యాక్‌లు అసలు స్క్వీజ్‌బాక్స్ మ్యూజిక్ ప్లేయర్ పెట్టెలవి, వాటిని స్క్వీజ్‌లైట్ తీసుకోదు. మ్యాక్ మారాక సర్వర్ దాన్ని కొత్త ప్లేయర్‌గానే చూస్తుంది కాబట్టి వాల్యూమ్, సింక్ సెట్టింగులు మళ్లీ పెట్టుకోవాలి.

అపోహ: ప్లేయర్ పేరు కనిపిస్తోంది, శబ్దం రావట్లేదు. డ్యాక్ పోయినట్టే.

వాస్తవం: సర్వర్ డాకర్‌లో (ప్రోగ్రాంలను విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే డ్యాక్ జోలికి పోకముందే పోర్టులు (ప్రోగ్రాంలు నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే నంబరు ద్వారాలు) చూడండి. సర్వర్ వెబ్ పోర్టు 9000ను పోర్టెయినర్ (డాకర్‌ను నిర్వహించే ప్రోగ్రాం) లాంటిదేదో ముందే పట్టుకుని ఉంటుంది. అందుకని బయట 9002, లోపల 9000 అని మ్యాప్ చేసేస్తారు. ప్లేయర్ 3483లో తగులుకుంటుంది, పేరూ వస్తుంది. కానీ పాటను 9000లో తీసుకోమని సర్వర్ చెబుతుంది, అక్కడున్నది వేరే ప్రోగ్రాం. వెబ్ పోర్టును సర్వర్ సెట్టింగులోనే 9002 చేసి, మ్యాపింగ్‌లో రెండువైపులా 9002 ఉంచండి. 3483ని మాత్రం కదపొద్దు. అందులో టీసీపీ, యూడీపీ అనే రెండు రకాల రాకపోకలకూ దారి తెరిచి ఉండాలి.

అపోహ: కరెంటు పోయి వచ్చాక పాటలు మాయమయ్యాయి, హార్డ్ డిస్క్ చెడింది.

వాస్తవం: చాలాసార్లు డిస్క్ మౌంట్ కాకముందే (సిస్టమ్‌కు అందుబాటులోకి రాకముందే) సర్వర్ లేచి, ఖాళీ ఫోల్డర్‌ను స్కాన్ చేసి ఉంటుంది. మౌంట్ సరిచేసి మళ్లీ స్కాన్ చేయిస్తే పాటలు తిరిగొస్తాయి. మళ్లీ కరెంటు పోయి వచ్చినా అడ్రస్ మారకుండా రౌటర్‌లో సర్వర్ ఐపీని రిజర్వ్ చేయడం కూడా అప్పుడే కానివ్వండి.

అపోహ: మేడ మీద ఇంకో రౌటర్ పెడితే సిగ్నల్ సమస్య తీరినట్టే.

వాస్తవం: సిగ్నల్ వస్తుంది, సర్వర్ దొరకదు. కింద 192.168.1, పైన 192.168.0 అని రెండు నెట్‌వర్క్‌లైతే, సర్వర్ కోసం ప్లేయర్ వేసే కేక పై రౌటర్ దాటి పోదు. పై రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వేరే నెట్‌వర్క్ పెట్టకుండా వైఫై మాత్రం ఇచ్చే పద్ధతి) పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని ఐపీని 192.168.1 వరసలో ఖాళీగా ఉన్నదానికి మార్చి, డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే పని) ఆపి, కింది నుంచి వచ్చే వైరును వ్యాన్ (బయటి నెట్ వైరు పెట్టే) పోర్టులోంచి తీసి లాన్ (ఇంటి పరికరాల) పోర్టులో పెట్టండి. ప్లేయర్ గెస్ట్ వైఫైలో ఉంటే అక్కణ్నుంచి మెయిన్ వైఫైకి మార్చండి.