వరంగల్‌లో వీలునామాకు ప్రొబేట్ ఎందుకు తప్పనిసరి కాలేదు?

వరంగల్ ప్రాంతంలో ఇంటి పెద్ద చనిపోయి, ఆయన రాసిపెట్టిన వీలునామా బయటపడినప్పుడు, ముంబయిలోనో చెన్నైలోనో స్థిరపడిన బంధువు ఒకరు దానికి ముందు కోర్టులో ప్రొబేట్ తీసుకోవాలని చెప్పడం, ఆ మాటకు కుటుంబమంతా కంగారుపడడం మామూలే. వీలునామా నిజమైనదేనని కోర్టు నిర్ధారించి ఇచ్చే ఉత్తర్వే ప్రొబేట్. ఆ బంధువు చెప్పింది ఆయన ఊరి మేరకు చాలాకాలం నిజమే గాని, వరంగల్ విషయంలో హిందువుల వీలునామాలకు అది ఏనాడూ తప్పనిసరి కాలేదు. ఈ తేడాకు మూలం 1870 నాటి హిందూ వీలునామాల చట్టంలో ఉంది.

బ్రిటిష్ ప్రభుత్వం ఆ చట్టాన్ని బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఏలుబడిలోని ప్రాంతాలకు, మద్రాసు, బొంబాయి హైకోర్టుల నగర పరిధికి మాత్రమే వర్తింపజేసింది. ఆ ఏడాది సెప్టెంబర్ 1 తర్వాత అక్కడ హిందువులు రాసిన వీలునామాలకు, బయట రాసినా అక్కడి స్థిరాస్తులను ప్రస్తావించే వీలునామాలకు ప్రొబేట్ అవసరమైంది. అప్పటికి వరంగల్ నిజాం రాజ్యంలో ఉంది. 1925లో భారత వారసత్వ చట్టం వచ్చి పాత చట్టాలను ఒకచోట చేర్చినప్పుడు ఈ భౌగోళిక హద్దులు 57, 213 సెక్షన్లలోకి యథాతథంగా చేరాయి. 1951లో కేంద్ర చట్టాలను హైదరాబాద్ రాష్ట్రానికి విస్తరింపజేసినప్పుడు కూడా ఆ హద్దులను ఎవరూ మార్చలేదు. ముస్లింల వీలునామాలకు 213వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉండేది. భారతీయ క్రైస్తవులకు మాత్రం అది 2002 సవరణతో గాని దక్కలేదు. చివరికి 2025 డిసెంబర్‌లో పార్లమెంటు, ప్రొబేట్‌ను తప్పనిసరి చేసిన ఆ 213వ సెక్షన్‌నే తొలగించింది. అయినా వివాదం వస్తే వీలునామాను రుజువు చేయవలసిన బాధ్యత తప్పదు. రిజిస్టర్ అయిన వీలునామాకైనా సాక్షి సంతకాలు చేసినవారిలో బతికి ఉన్న ఒక్కరినైనా కోర్టులో విచారించవలసిందే.

ఇక్కడి కుటుంబాలు నిజంగా కోర్టు మెట్లెక్కేది, చనిపోయిన వ్యక్తికి రావలసిన సొమ్ము తీసుకునేందుకు కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం. ఇదీ పాత ఏర్పాటే. 1841లోనూ 1860లోనూ వచ్చిన చట్టాల తర్వాత 1889లో దీనికి ప్రత్యేక చట్టం చేశారు, దాన్ని 1925 చట్టంలో పదో భాగంగా కలిపారు. మతంతో నిమిత్తం లేకుండా వర్తించే ఈ ఏర్పాటు ఉద్దేశం వారసుల వాటాలు తేల్చడం కాదు, చనిపోయిన వ్యక్తికి బాకీ ఉన్నవారు ఎవరి చేతికి డబ్బిస్తే తమ బాధ్యత తీరుతుందో చెప్పడం. బ్యాంకు ఆ సర్టిఫికెట్ చూసి డబ్బు చెల్లించాక మరో వారసుడు వస్తే, అతను డబ్బు తీసుకున్నవారిని అడగాలి తప్ప బ్యాంకును అడగలేడు. నామినీ స్థానం కూడా దాదాపు ఇలాంటిదే: బీమా సొమ్ము అందుకున్న నామినీ దానికి సొంతదారు కాడని, వారసుల తరఫున తీసుకున్నవాడేనని సుప్రీంకోర్టు 1984లోనే సర్బతీదేవి కేసులో చెప్పింది; అయితే భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే బీమా సొమ్ము వారికే చెందుతుందన్న నిబంధన 2015 బీమా చట్ట సవరణతో వచ్చింది. ఈ ఒక్క విషయం తెలియక ఎన్ని ఇళ్లలో అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోతాయో చెప్పలేం.

పిటిషన్‌ను మృతుడు చనిపోయేనాటికి మామూలుగా నివసించిన చోటి జిల్లా కోర్టులో గాని, ప్రభుత్వం ఆ అధికారం ఇచ్చిన దిగువ కోర్టులో గాని వేయాలి. ఉమ్మడి వరంగల్ జిల్లా 2016లో ముక్కలైనందువల్ల, 2022లో కొత్త జ్యుడీషియల్ జిల్లాలు వచ్చినందువల్ల, భూపాలపల్లిలో నివసించిన సింగరేణి కార్మికుడి కుటుంబం ఇప్పుడు హనుమకొండ దాకా రానక్కరలేదు. పిటిషన్‌లో మరణించిన తేదీ, కుటుంబ సభ్యులందరి వివరాలు, రావలసిన సొమ్ముల జాబితా రాయాలి. కోర్టు మిగతా వారసులకు నోటీసులిస్తుంది, పత్రికా ప్రకటన కూడా వేయిస్తుంది. ఆ సొమ్మును బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. అయితే చిన్న మొత్తాలకు ఇంత దూరం వెళ్లే అవసరం తగ్గింది: వీలునామా, వివాదం లేనప్పుడు, నామినీ లేని ఖాతాల్లో 15 లక్షల రూపాయల వరకు బ్యాంకులు సక్సెషన్ సర్టిఫికెట్ అడగకుండా చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో ఆదేశించింది. సహకార బ్యాంకులకు ఈ పరిమితి 5 లక్షలు.

భూమి ఈ సర్టిఫికెట్ కిందికి రాదు. దాని విరాసత్, అంటే వారసుల పేరిట రికార్డు మార్చడం, ఎప్పుడూ రెవెన్యూ కచేరీ పనే. పటేల్, పట్వారీల కాలంలో ఊళ్లో పట్వారీ రాసిందే రాత. 1984లో ఆ వ్యవస్థ రద్దయింది. 2020 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, దాంతో వచ్చిన ధరణి పోర్టల్, వారసులంతా ఏకాభిప్రాయంతో తహసీల్దారు ముందుకొస్తేనే పౌతి (విరాసత్) అమలు చేసి, లేకపోతే సివిల్ కోర్టుకు వెళ్లమన్నాయి. ఒక్కరు సంతకం పెట్టకపోయినా మొత్తం ఆగిపోయే ఆ పద్ధతి సరైనది కాదని నా అభిప్రాయం. 2025లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం తహసీల్దారు నోటీసులిచ్చి విచారణ జరిపే పద్ధతిని, పై అధికారులకు అప్పీలును తిరిగి తెచ్చింది.

ఈ కాగితాలన్నిటిలోనూ తరచు జారిపోయేది పెళ్లయిన ఆడబిడ్డల పేర్లు. తండ్రి వీలునామా లేకుండా చనిపోతే ఆయన సొంత ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటాను 1956 హిందూ వారసత్వ చట్టమే ఇచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ షరతు లేకుండా అందరికీ ఇచ్చింది. ఈ 2005 సవరణ అమల్లోకి వచ్చేనాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తేల్చింది. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంలో ఆడపిల్ల పేరు రాయించకపోయినంత మాత్రాన ఈ హక్కు పోదు, విరాసత్ అయిన ఎన్నో ఏళ్లకు ఆస్తి పంపకం కోరే పార్టిషన్ దావాలు పడేది అందుకే.

ములుగు, మహబూబాబాద్ వైపు కోయ, లంబాడా కుటుంబాల విషయం వేరు. కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప 1956 చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదని దాని 2వ సెక్షనే చెబుతోంది గనుక, అక్కడ వారసులెవరన్నది ఆ తెగ ఆచారాన్ని బట్టి తేలుతుంది. వివాదం కోర్టుకు వస్తే ఆ ఆచారం ఏమిటో సాక్ష్యంతో చూపవలసిన భారం దానిపై ఆధారపడినవారిదే.