జ్వరం దిగింది, నాడి ఎందుకు దిగలేదు?

102 డిగ్రీల జ్వరంతో పడుకున్న పిల్లాడి ఛాతీ మీద చెయ్యి వేస్తే గుండె టకటకా కొట్టుకోవడం అరచేతికి తెలుస్తుంది. గుండెకేమైనా అయిందేమోనని ఇంట్లోవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. చాలాసార్లు గుండెకు ఏమీ కాదు. జ్వరం పెట్టిన అదనపు పనిని అది చేస్తోందంతే.

గుండె లయను నడిపేది దాని కుడి పై గదిలో ఉన్న చిన్న కణాల గుంపు. దాన్ని ఎస్ఏ నోడ్ అంటారు. ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ 1907లో దాని గురించి ప్రకటించారు. ఒళ్లు వేడెక్కితే ఈ కణాల్లోకి సోడియం, కాల్షియం లాంటివి వచ్చిపోయే వేగం పెరుగుతుంది, విద్యుత్ సంకేతాలు త్వరత్వరగా పుడతాయి. దీనికి మెదడు ఆజ్ఞ కూడా అక్కర్లేదు. శరీరం నుంచి వేరుచేసిన కప్ప గుండె మీద గోరువెచ్చని సెలైన్ పోస్తే వేగం పెరుగుతుంది, చల్లనిది పోస్తే తగ్గుతుంది.

వేడి ఒక్కటే కారణం కాదు. సూక్ష్మక్రిములతో పోరాడే కణాలు వదిలే రసాయనాల వల్ల మెదడులోని హైపోథాలమస్, శరీరం ఉండాల్సిన వేడిని పైకి జరుపుతుంది. అందుకే ఒళ్లు కాలిపోతున్నా చలి వేస్తుంది, రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగదు. ఆ వణుకులో కండరాలు ఆక్సిజన్ బాగా వాడేస్తాయి, అడ్రినలిన్ పెరుగుతుంది. ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే శరీరం ఖర్చుచేసే శక్తి సుమారు 10 శాతం పెరుగుతుంది. దానికి తోడు చెమట, వాంతులు, ఏమీ తాగకపోవడం. ఒంట్లో నీరు తగ్గి గుండెకు చేరే రక్తం తగ్గితే, ఒక్కో దెబ్బకు పంపేదీ తగ్గుతుంది. ఆ లోటును గుండె వేగంతో పూడ్చుకుంటుంది.

ఎంత పెరగొచ్చన్నదానికి 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు కార్ల్ లీబర్‌మైస్టర్ పేరుతో ఒక లెక్క ఉంది: పెద్దవాళ్లలో ఒక సెల్సియస్ డిగ్రీకి నిమిషానికి సుమారు 8 దెబ్బలు. అంటే మామూలుగా 72 ఉండే మనిషికి 102 ఫారన్‌హీట్ జ్వరంలో 90 దాకా రావచ్చు. 130 ఉంటే మాత్రం జ్వరం ఒక్కటే దానికి కారణం కాకపోవచ్చు. నీరు తగ్గిందా, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి బీపీ పడిపోతోందా అని డాక్టరు చూడాలి. పసిపిల్లలకు నాడి మామూలుగానే 100 దాటి ఉంటుంది కాబట్టి ఈ లెక్క వాళ్లకు వర్తించదు.

కొన్ని జబ్బుల్లో నాడి, జ్వరం కలిసి నడవవు. టైఫాయిడ్‌లో కొందరికి జ్వరం 103 ఉన్నా నాడి అంతగా పెరగదు.

డెంగీలో జరిగేది దీనికి తలకిందులు, అంతకంటే ప్రమాదకరం కూడా. సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. కొందరికి సరిగ్గా అప్పుడే సన్నటి రక్తనాళాల గోడల నుంచి ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, బయటికి కారిపోవడం ముదురుతుంది. ఒంటి వేడి తగ్గుతుంటే నాడి పెరుగుతూ, బలహీనంగా అందుతుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి. బీపీలో పై అంకె, కింది అంకె దగ్గరవుతాయి. వాటి మధ్య తేడా 20కి చేరిందంటే షాక్, అంటే అవయవాలకు చాలినంత రక్తం అందని స్థితి, మొదలైనట్టే. మన ఊళ్లలో డెంగీ అనగానే అందరూ ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతారు. నాడి ఎంత, మూత్రం సరిగ్గా వస్తోందా అని కూడా అంతే ఆత్రంగా అడగాలి. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే జ్వరం లేదు కదా అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అక్కడ సెలైన్‌ను కూడా నాడి, బీపీ చూసుకుంటూ కొలిచి ఎక్కిస్తారు, ఎందుకంటే ఒకటి రెండు రోజుల్లో కారిన ప్లాస్మా తిరిగి రక్తంలోకి వస్తుంది. అప్పటికే ఎక్కువ ఎక్కించి ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కోలుకునేటప్పుడు కొందరికి నాడి మామూలు కంటే నెమ్మదిస్తుంది కూడా. చాలామందిలో అది కొద్ది రోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది.