డ్యామ్ ఎందుకు తెగిందో చెప్పాల్సింది ఎవరు?

డ్యామ్ తెగిన మర్నాడు మొదట వినిపించే మాట "కనీవినీ ఎరుగని వాన". ఆ తర్వాత వినిపించేది "విచారణకు కమిటీ వేశాం". ఆ కమిటీలో కూర్చోగలిగేది హైడ్రాలిక్ ఇంజనీర్లే. వరద లెక్క, అలుగు సామర్థ్యం, కట్ట కింద ఊట గురించి తెలిసినవాళ్లు వాళ్లే మరి. కానీ కట్టినవాళ్లూ, మార్పులు చేసినవాళ్లూ, బాగానే ఉందని సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లూ అదే వృత్తివాళ్లు. తోటివాళ్ల తప్పును బయటపెట్టమని ఒక వృత్తి సంఘాన్ని అడిగితే ఏమవుతుందో అమెరికాలో 1889లోనే తేలింది.

అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్, అంటే ఏఎస్‌సీఈ, 1852లో న్యూయార్క్‌లో పుట్టింది. ఊరికి తాగునీరు తెచ్చే క్రోటన్ ఆక్విడక్ట్ ఆఫీసులో 12 మంది ఇంజనీర్లు కూర్చుని దాన్ని మొదలుపెట్టారు. అప్పటి పెద్ద ఇంజనీర్లలో చాలామందిది నీళ్ల పనే: కాలువలు, రిజర్వాయర్లు, మిల్లులకు నీటి శక్తి. పేపర్లు చదవడం, లెక్కలు పంచుకోవడం, ఒకరి పనిని ఒకరు విమర్శించుకోవడం, ఇంతవరకే సొసైటీ పని. జనానికి జవాబు చెప్పాల్సిన అవసరం దానికి రాలేదు. 1889 మే 31న ఆ అవసరం వచ్చింది.

ఆ రోజు పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యామ్ తెగి, 14 మైళ్ల దిగువన ఉన్న జాన్స్‌టౌన్‌ను తుడిచిపెట్టింది. 2,209 మంది చనిపోయారు. 72 అడుగుల ఎత్తు, 931 అడుగుల పొడవు ఉన్న మట్టికట్ట అది. కాలువలకు నీళ్లివ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం కట్టించింది. రైలు రావడంతో కాలువలకు పని లేకుండా పోయి చేతులు మారింది. మధ్యలో ఒక యజమాని అడుగున ఉన్న ఇనుప తూము గొట్టాలను పీకించి అమ్ముకున్నాడు. 1879లో పిట్స్‌బర్గ్ సంపన్నుల సౌత్ ఫోర్క్ ఫిషింగ్ అండ్ హంటింగ్ క్లబ్ చేతికి వచ్చింది. ఉక్కు, బొగ్గు వ్యాపారాల్లో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ, హెన్రీ క్లే ఫ్రిక్ లాంటివాళ్లు అందులో సభ్యులు. బండ్లు ఎదురెదురుగా వెళ్లేలా కట్ట పైభాగాన్ని చెక్కి వెడల్పు చేశారు, దాంతో ఎత్తు తగ్గింది. ఖర్చుపెట్టి తెచ్చి వదిలిన చేపలు కొట్టుకుపోకుండా అలుగు దగ్గర ఇనుప జాలీలు పెట్టారు. తూములు మళ్లీ పెట్టలేదు.

చెరువు కింద నాలుగెకరాలు ఉన్న ఏ రైతుకైనా ఇది వింటే గుండె గుభేల్‌మంటుంది. తూము లేదు, అలుగుకు అడ్డం ఉంది, కట్ట ఎత్తు తగ్గింది. నీళ్లు ఎటు పోవాలి? జాన్స్‌టౌన్‌లోని కేంబ్రియా ఉక్కు కంపెనీ 1880లోనే తన ఇంజనీరును పంపి చూపించి, నీళ్లు దించే గొట్టాలు లేవని క్లబ్‌కు రాసింది కూడా. మీకేం ప్రమాదం లేదని జవాబు వచ్చింది.

ప్రమాదం జరిగిన వారంలోపే ఏఎస్‌సీఈ నలుగురితో కమిటీ వేసింది. జేమ్స్ బి. ఫ్రాన్సిస్, విలియం వర్దెన్, ఆల్ఫోన్స్ ఫ్టెలీ, మాక్స్ బెకర్. ముందో వెనకో నలుగురూ సొసైటీకి అధ్యక్షులుగా చేసినవాళ్లే. ఫ్రాన్సిస్ పేరు మనకు దూరమేమీ కాదు. శ్రీశైలం కుడిగట్టు పవర్‌హౌస్‌లో తిరుగుతున్న ఫ్రాన్సిస్ టర్బైన్లకు ఆ పేరు ఆయన నుంచే వచ్చింది. లోవెల్ పట్టణానికి వరద తలుపు ఒకటి కట్టి, దండగ పని అని జనం చేత నవ్వించుకుని, 1852 వరదలో అదే తలుపుతో ఊరిని కాపాడిన మనిషి ఆయన. కమిటీలో అర్హతకు లోటు లేదు.

లోటల్లా మిగతా చోట్ల ఉంది. రిపోర్టు 1890 జనవరికే పూర్తయింది, కానీ బయటికి రాలేదు. ఆ ఏడాది సొసైటీ అధ్యక్షుడు విలియం షిన్, ఒకప్పుడు కార్నెగీ ఉక్కు వ్యాపారంలో భాగస్వామి. కమిటీలోని బెకర్ పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు చెందిన లైన్లలో ఇంజనీరు. ఆ రైల్‌రోడ్ డ్యామ్‌కు పాత యజమాని. నష్టపరిహారం కేసులు నడుస్తున్న కాలమంతా రిపోర్టు సీల్ వేసి ఉండిపోయింది. 1891 మేలో చట్టనూగా సమావేశంలో ఫ్రాన్సిస్ దాన్ని చదివారు. సారాంశం: క్లబ్ చేసిన మార్పులు నష్టం కలిగించినవే, అయినా డ్యామ్ మొదట కట్టినట్టే ఉన్నా అంత వానకు తెగేదే, కాకపోతే కాస్త ఆలస్యంగా. దావాల్లో క్లబ్ ఒక్క డాలర్ కూడా కట్టలేదు. అది దైవఘటన అన్న వాదన నెగ్గింది.

ఆ నలుగురూ అమ్ముడుపోయారని నేను అనను, అందుకు ఆధారం లేదు. కానీ లెక్క తప్పింది. జాన్స్‌టౌన్‌లోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాఖకు చెందిన పరిశోధకులు ఆ చోటును మళ్లీ కొలిచి, నీటి లెక్కలు కట్టి 2016లో ఫలితాలు ప్రచురించారు. మొదటి డిజైన్‌లో అసలు అలుగుతో పాటు రెండో వైపు అత్యవసర అలుగు కూడా ఉందని, కట్టను సుమారు మూడడుగులు తగ్గించడంతో అది దాదాపు పనికిరాకుండా పోయిందని, నీరు సురక్షితంగా బయటికి పోయే సామర్థ్యం సగానికి పడిపోయిందని తేల్చారు. పాత ఎత్తే ఉండి ఉంటే ఆ వరదను డ్యామ్ తట్టుకునేదని వాళ్ల వాదన. అంటే 125 ఏళ్ల పాటు పుస్తకాల్లో నిలిచింది సొసైటీ ముద్ర ఉన్న తీర్పే.

ఆ తర్వాతి దశాబ్దాల్లో వృత్తికి చట్టం తోడైంది, అదీ నీళ్ల వల్లే. 1907లో అమెరికాలో ఇంజనీర్ల లైసెన్సు చట్టం మొదట తెచ్చిన రాష్ట్రం వ్యోమింగ్. నీటి హక్కుల దరఖాస్తులతో వచ్చే మ్యాపుల మీద ఇంజనీరు కాని ప్రతివాడూ ఇంజనీరునంటూ సంతకం చేస్తుంటే రాష్ట్ర ఇంజనీరు విసిగిపోయి పట్టుబట్టి తెప్పించాడు. 1928 మార్చిలో లాస్ ఏంజెలెస్ దగ్గర సెయింట్ ఫ్రాన్సిస్ డ్యామ్ కూలి 400 మందికి పైగా పోయారు. కట్టించిన విలియం ముల్‌హాలండ్ దాదాపు 12 గంటల ముందే వచ్చి చూసి పర్వాలేదని వెళ్లారు. సొంత ఇంజనీరింగ్ విభాగం ఉన్న నగరాల డ్యాములకు అప్పటి రాష్ట్ర చట్టం తనిఖీ నుంచి మినహాయింపు ఇచ్చింది. ఎంత గొప్పవాడైనా ఒక్కడి నిర్ణయం మీద పెద్ద డ్యామ్‌ను వదలకూడదని మరణ విచారణ జ్యూరీ చెప్పింది. 1929లో కాలిఫోర్నియా డ్యాముల భద్రతకూ, సివిల్ ఇంజనీర్ల రిజిస్ట్రేషన్‌కూ చట్టాలు తెచ్చింది.

సొసైటీ సొంత నియమావళి మాత్రం నెమ్మదిగా కదిలింది. 1914లో ఏఎస్‌సీఈ తెచ్చిన నీతి నియమావళి ఇంజనీరుకూ క్లయింటుకూ, ఇంజనీరుకూ ఇంజనీరుకూ మధ్య మర్యాదల గురించి. ప్రజల భద్రతే అన్నిటికంటే పైన అన్న సూత్రం 1970ల మధ్యలో గానీ అందులోకి రాలేదు. అరవై ఏళ్లు పట్టింది!

2005 ఆగస్టు 29న కత్రినా తుపానుకు న్యూ ఆర్లీన్స్ నాలుగింట మూడొంతులకు పైగా మునిగింది. 17వ వీధి కాలువ, లండన్ అవెన్యూ కాలువ గోడలు నీళ్లు పైనుంచి పొర్లకముందే ఒరిగిపోయాయి. అంటే తప్పు వానది కాదు, డిజైన్‌ది. కరకట్టలు, గోడలు కట్టింది అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగమైన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్. విచారణ జరిపించిందీ ఆ కోరే. దాన్ని సమీక్షించే నిపుణుల బృందాన్ని ఏఎస్‌సీఈ సమకూర్చింది, ఖర్చు కోర్ భరించింది. బృందం 2007లో ఇచ్చిన రిపోర్టు డిజైన్ లోపాలను మొహమాటం లేకుండానే చెప్పింది. అయినా డబ్బు ఎవరిదన్న ప్రశ్న ఆగలేదు. బర్కిలీ ప్రొఫెసర్ రేమండ్ సీడ్ సొసైటీ నాయకత్వానికి ఘాటైన ఆరోపణలతో పొడవాటి ఉత్తరం రాశారు. సొసైటీ మాజీ కాంగ్రెస్ సభ్యుడు షెర్వుడ్ బోలర్ట్ అధ్యక్షతన టాస్క్‌ఫోర్స్ వేసింది. ఇలాంటి పెద్ద సమీక్షలకు డబ్బు వేరే చోటు నుంచి రావాలన్నది 2008లో అది చేసిన సిఫార్సుల్లో ఒకటి. రిపోర్టు నిజాయితీగా ఉన్నా చాలదు, నమ్మేలా కూడా ఉండాలని ఒప్పుకున్నట్టే.

2017 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ డ్యామ్ స్పిల్‌వే, అంటే అలుగు, చీలి 1,88,000 మందిని ఖాళీ చేయించినప్పుడు పద్ధతి కొంత మారింది. డ్యామ్ యజమాని రాష్ట్ర జలవనరుల శాఖ. విచారణ బృందం పేర్లు సూచించింది మాత్రం డ్యామ్ భద్రతా అధికారుల సంఘం, యునైటెడ్ స్టేట్స్ సొసైటీ ఆన్ డ్యామ్స్. 2018 జనవరిలో రిపోర్టు నేరుగా జనంలోకి వచ్చింది. ఒక్క బోల్టునో ఒక్క అధికారినో తప్పుపట్టకుండా శాఖ, నియంత్రణ సంస్థ, మొత్తం వృత్తి అలవాట్లు ఏళ్ల తరబడి విఫలమయ్యాయని రాసింది. తమ వృత్తి మీద తామే ఇంత సూటిగా రాసుకున్న రిపోర్టులు అరుదు.

మన దగ్గర 1920 నాటి ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఉంది, పుణె కేంద్రంగా హైడ్రాలిక్స్ సొసైటీ ఉంది. సమావేశాలు, జర్నళ్లు నడుస్తున్నాయి. లాయర్లకు ఉన్నట్టు ఇంజనీర్లకు దేశవ్యాప్త లైసెన్సు చట్టం మాత్రం లేదు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కొట్టుకుపోయినా, 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కుంగినా మాట్లాడింది ఎక్కువగా ప్రభుత్వ శాఖలు, కమిటీలు, పార్టీలు, టీవీ చర్చల్లో రిటైర్డ్ ఇంజనీర్లు. వృత్తి సంఘం గొంతు నాకైతే బలంగా వినిపించలేదు. 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం ప్రకారం చట్టం పరిధిలోని ప్రతి డ్యామ్‌కూ అయిదేళ్లలోపు మొదటి సమగ్ర భద్రతా మదింపు జరగాలి. చేసేది స్వతంత్ర నిపుణుల బృందం. చేయించాల్సిన బాధ్యత మాత్రం డ్యామ్ యజమానిది, అంటే మన దగ్గర ఎక్కువగా సాగునీటి శాఖదే.