చింతపిక్కలు, సవర లెక్క, మీరడిగిన ప్రశ్న

పిల్లలూ,

దసరా సెలవులకు వచ్చినప్పుడు మీలో చిన్నది అరుగు మీద నా పక్కన కూర్చుని, "తాతయ్యా, ముప్పై ఏళ్లు అవే ఎక్కాలు, అవే భిన్నాలు చెప్పావు కదా, బోర్ కొట్టలేదా?" అని అడిగింది, గుర్తుందా? అప్పుడు బస్సు టైమైపోతోంది, మీ అమ్మ తొందరపెడుతోంది, ఏదో ఒకటి చెప్పి ఊరుకున్నాను. మీరు వెళ్లిపోయాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నిజం చెప్తాను. ఉద్యోగం కావాలి కాబట్టే నేను టీచర్నయ్యాను. ట్రైనింగ్ అయింది, ఆర్డరు వచ్చింది, సీతంపేట ఏజెన్సీలో కొండ మీద సవరలనే గిరిజనుల గూడెంలో ఏకోపాధ్యాయ బడి. ఒకటే గది, అయిదు తరగతులూ అందులోనే, బస్సు దిగి నడవాల్సిన దారి గంటకు పైనే. ఎప్పుడు ట్రాన్స్‌ఫర్ వస్తుందా అని మొదటి మూడు నెలలూ రోజులు లెక్కపెట్టుకున్నాను. పిల్లలు వచ్చేవాళ్లు, కూర్చునేవాళ్లు, నేను చెప్పింది వినేవాళ్లు, కానీ నోరు విప్పేవాళ్లు కాదు. నేను మాట్లాడేది తెలుగు, వాళ్ల ఇంట్లో మాట్లాడేది సవర. ఆ సంగతి నాకు తెలుసు, అయినా దాన్ని వాళ్ల లోపం అనుకున్నానే తప్ప నాది అనుకోలేదు.

రెండో తరగతిలో ఒక కుర్రాడు ఉండేవాడు. చురుకైన కళ్లు, కొండ మీద ఏ చెట్టు ఎక్కడుందో చెప్పగలడు, లెక్కల్లో మాత్రం పన్నెండు దాటితే తప్పే. పదమూడు రాయరా అంటే పలక మీద 121 అని రాసేవాడు. పద్నాలుగుకి 122. ఎన్నిసార్లు దిద్దినా మళ్లీ అదే. ఒకరోజు కోపం వచ్చి బడి అయ్యేదాకా నిలబెట్టాను. వాడు ఏడవలేదు, ఎందుకు నిలబెట్టానో అర్థం కాక నా వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు ఇవాళ్టికీ గుర్తుంది.

ఆ వారమే సంతకు వెళ్లాను. సీతాఫలాల రోజులు. ఒక ముసలామె గంప ముందు పెట్టుకుని, పళ్లు ఒక్కొక్కటీ పక్కకు తీస్తూ లెక్కపెడుతోంది. పన్నెండు దాకా ఒక్కో అంకెకి ఒక్కో మాట. ఆ తర్వాత వింటే మళ్లీ మొదటి మాటలే వినిపిస్తున్నాయి, ముందు ఇంకో మాట తగిలించి. పక్కనున్న పెద్దాయనకు తెలుగు వచ్చు, అడిగితే చెప్పాడు. వాళ్ల లెక్కలో పదమూడంటే "పన్నెండు, ఒకటి" అట. పద్నాలుగు "పన్నెండు, రెండు". అలా పంతొమ్మిది దాకా, అంటే "పన్నెండు, ఏడు" దాకా వెళ్లి, ఇరవైకి ఇంకో మాట. మళ్లీ ఇరవైని పట్టుకుని పైకి ఎక్కడం, ముప్పై రెండంటే "ఇరవై, పన్నెండు", ముప్పై మూడంటే "ఇరవై, పన్నెండు, ఒకటి". నలభై అంటే రెండు ఇరవైలు.

నాకు అక్కడే నిలబడి కాళ్లు చల్లబడ్డాయి. ఆ పిల్లాడు తప్పు రాయలేదర్రా! పన్నెండు రాసి, దాని పక్కన ఒకటి పెట్టాడు. వాళ్ల నాన్నమ్మ దగ్గర నేర్చుకున్న లెక్క ప్రకారం అది సరైనదే. పదుల లెక్క ఒకటి వేరే ఉందని, ఈ పుస్తకాలన్నీ దాని మీద నడుస్తాయని వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ణి నేనే.

సోమవారం పొద్దున వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని చింతపిక్కలు పోశాను. ముందు నీ లెక్కలో చెప్పు, నేను నేర్చుకుంటాను అన్నాను. వాడు చెప్తుంటే నేను తప్పులు పలికాను, బడి మొత్తం నవ్వింది. మూడు నెలల్లో ఆ పిల్లలు నా ముందు నోరారా నవ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత అవే పిక్కల్ని పదేసి కుప్పలు పెట్టి నా లెక్క చెప్పాను. పదమూడు వచ్చేసరికి వాడు ఒక కుప్పను చూసి, పక్కనున్న మూడు పిక్కల్ని చూసి, పలక తీసుకుని 13 రాశాడు. రాసి తలెత్తి చూశాడు.

నీ ప్రశ్నకు జవాబు ఆ చూపులో ఉంది తల్లీ. పాఠం అదే, నిజమే, పదమూడు ఎప్పుడూ పదమూడే. కానీ అది ఒక్కో పిల్లకి ఒక్కో చోట అడ్డం పడుతుంది. ఎక్కడ అడ్డం పడిందో వెతకడం ఉందే, అది ప్రతి ఏడూ కొత్తే. అది దొరికిన రోజు తిండి కూడా గుర్తుండదు. నేను ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టుకోలేదు. తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాను.

ఆ తర్వాత తెలిసింది, నాకు కొన్ని నెలల్లో తగిలిన ఈ సంగతిని మన ప్రాంతం మేష్టారు ఒకాయన జీవితమంతా పట్టుకున్నారని. గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆగస్టు 29న మీ స్కూల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా, అది ఆయన పుట్టినరోజు. 1863లో వంశధార ఒడ్డున శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో, అది ఇప్పుడు ఒడిశాలో ఉంది, 1880లో బడిపంతులుగా చేరారు. చుట్టూ కొండల మీద సవరలు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలనుకున్నారు. అప్పటికి ఆ భాష నేర్చుకుందామంటే నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన దగ్గర శిష్యరికం చేశారు. కొండలెక్కి గూడేలు తిరిగారు, మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ఆలోచించండి పిల్లలూ, మనుషుల మాట విని రాసుకోవడమే పనిగా పెట్టుకున్నాయనకు చెవులు పోవడం! అయినా ఆపలేదు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇస్తానంటే నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి అన్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

మనకు ఆయన ఎక్కువగా తెలిసింది వాడుక భాష కోసం పోరాడినందుకు. పుస్తకాల్లో ఎవరూ మాట్లాడని గ్రాంథికం పెట్టి పిల్లల చేత బట్టీ పట్టిస్తే చదువెలా ఒంటబడుతుందని పండితులతో వాదించారు. ఆ పనీ ఈ పనీ వేరని నాకు ఎప్పుడూ అనిపించలేదు. సవర పిల్లాడికి తెలుగు ఎంత దూరమో, తెలుగు పిల్లాడికి ఆ గ్రాంథికం దాదాపు అంత దూరమని కొండల మీద తిరిగినాయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మీరు ఇవాళ ఈ ఉత్తరాన్ని ఏ నిఘంటువూ లేకుండా చదువుతున్నారంటే అందులో ఆయన వంతు కూడా ఉంది.

పుణెలో సావిత్రీబాయి ఫూలే గారి సంగతి మీ పుస్తకంలో ఉండే ఉంటుంది. 1848లో ఆడపిల్లలకు బడి తెరిస్తే దారిలో పేడ, బురద విసిరేవారు, ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేవారు. బడికి చేరాక చీర మార్చుకుని పాఠం మొదలుపెట్టడం. పాడైన చీరతో పిల్లల ముందు నిలబడకూడదనుకున్నారు చూడండి, పిల్లల మీద గౌరవం అంటే నాకు అదే గుర్తొస్తుంది.

అందరు టీచర్లూ ఇలా ఉండరని మీరు అంటారు, నాకూ తెలుసు. ఉన్నవాళ్లకైనా ప్రతిరోజూ ఒకేలా ఉండదు. అరవై మంది పిల్లలు, రాయాల్సిన రిజిస్టర్లు, ఇంట్లో జబ్బు మనిషి, ఎన్నికల డ్యూటీ, ఇవన్నీ మోస్తూ వస్తారు. అలాంటి రోజున మీలో ఒకరు చెయ్యెత్తి "సార్, ఇక్కడిదాకా అర్థమైంది, ఇక్కణ్ణుంచి కాలేదు" అంటే చాలు, ఆయనకు ప్రాణం లేచొస్తుంది. నమ్మండి, నేను ఆ వైపు నిలబడ్డవాణ్ణి. అర్థం కాకపోయినా తలూపడం మాత్రం చెయ్యకండి. మీ తలకాయలు ఊగితే మేం ముందుకు వెళ్లిపోతాం, మీరు అక్కడే ఉండిపోతారు. పెద్దవాడు కోచింగ్‌లో అదే చేస్తున్నాడని మీ నాన్న చెప్పాడు, వాడు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

2004లో మన రాష్ట్రంలో సవరతో పాటు కొన్ని గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు తెలుగు లిపిలో తెచ్చారు. ఆ పుస్తకం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు నేను ముందు ఆ పిల్లాడినే తలుచుకున్నాను. వాడు ఇప్పుడు నలభై దాటినవాడు, జీడితోట ఉంది, కూతురు నర్సింగ్ చదువుతోంది. సంతలో కనబడితే "మేష్టారూ, పన్నెండు ఒకటి ఎంత?" అని అడుగుతాడు. నేను పదమూడు అంటాను. ఇద్దరం నవ్వుకుంటాం.

సంక్రాంతికి వస్తారు కదా. చింతపిక్కలు కడిగి ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచాను. తొంభై తొమ్మిదిని సవర లెక్కలో ఎలా చెప్పాలో ఈలోగా మీరే ఆలోచించి రండి. ఎన్ని ఇరవైలు తీయాలి, ఆ తర్వాత పన్నెండు పడుతుందా, ఎంత మిగులుతుంది? ముందుగా చెప్పినవాళ్లకు జీడిపప్పు పాకం, మీ నాన్నమ్మ ఒప్పుకుంది.

మీ తాతయ్య