బాపు గారి బొమ్మ చూసి వేస్తున్న పిల్లలకు

రాయగడలో ఉన్న నా మనవలకీ, వాళ్లతో కూర్చుని బొమ్మలేసే పక్కింటి పిల్లలకీ,

మీరు పంపిన ఫోటోలన్నీ చూశాను. బాపు గారి బొమ్మలు చూసి వేస్తే కాపీ కొట్టినట్టే అంటున్నారు, మానేయాలా తాతయ్యా అని అడిగారు కదా, మానొద్దు. పూరీ దగ్గర రఘురాజపురంలో పటచిత్రాలు, అంటే గుడ్డ మీద వేసే సంప్రదాయ బొమ్మలు, వేసే ఇళ్లలో పిల్లలు పెద్దవాళ్లు వేసింది చూసి వేస్తూనే నేర్చుకుంటారు. ఎలా చూస్తున్నారన్నదే అసలు సంగతి.

మీ బొమ్మల్లో అందరికీ అవే పెద్ద కళ్లు, అదే పొడుగు జడ. కళ్లు బాపు గారివే గానీ ముఖానికి అతకలేదు, ఎందుకంటే మీరు ఆయన వేసిన కన్ను చూశారు తప్ప ఆ గీత ఎక్కడ మొదలైంది, ఎక్కడ లావెక్కింది, ఎక్కడ సన్నబడి ఆగిపోయింది అన్నది చూడలేదు. ఆయన చాలా తక్కువ గీతలతో మనిషిని నిలబెట్టేవారు, వెనకాల చాలాసార్లు ఖాళీగానే వదిలేసేవారు. ఆ ఖాళీ కూడా ఆయన వేసిందే అనుకుని చూడండి.

ఒక్క బొమ్మే తీసుకోండి. మొదట ట్రేసింగ్ పేపర్ పెట్టి గీయండి, అది చేతికి దారి తెలియడానికే, దాన్ని ఎవరికీ చూపించక్కర్లేదు. తర్వాత బొమ్మ పక్కన పెట్టుకుని చూసి వేయండి. ఆ తర్వాత పుస్తకం మూసేసి గుర్తున్నంత వరకు వేసి, తెరిచి పోల్చుకోండి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ మీరు సరిగ్గా చూడలేదన్నమాట. ఇదంతా అయ్యాక అదే మనిషిని అటువైపు తిప్పి వేయండి. నన్నడిగితే ఇదే అసలు పరీక్ష, ట్రేసింగ్‌తో సరిపెట్టుకున్నవాళ్లు ఇక్కడ ఆగిపోతారు.

మీకు దగ్గర్లోనే, గుణుపురం వైపు ఊళ్లలో, సవర గిరిజనులు గోడల మీద బియ్యప్పిండితో వేసే బొమ్మలు ఉన్నాయి. ముందు చుట్టూ అంచు గీసుకుని లోపలికి వస్తారు. సెలవుల్లో వెళ్లి చూసి వేయండి, కానీ మొనతేలిన రెండు త్రిభుజాలు కలిపేసి సవర బొమ్మ అనకండి, అది మహారాష్ట్ర వార్లీ గిరిజనుల పద్ధతి, సవర బొమ్మల్లో మనుషుల ఒళ్లు అంత మొనతేలి ఉండదు.

తర్వాత సంతకి వెళ్లండి. చెవులకి పెద్ద బిళ్లలు పెట్టుకుని, జుట్టు ముడేసుకుని కూరలమ్మే సవర అవ్వని బాపు గారి గీతతో వేయడానికి ప్రయత్నించండి. పొడుగు జడ అక్కడ పనికిరాదు, చీర కట్టు వేరు, కూర్చునే తీరు వేరు, కాబట్టి ఆ ముడిని ఎన్ని గీతల్లో చెప్పాలో, సాగిన చెవి తమ్మెని ఎక్కడ లావు గీతతో పట్టుకోవాలో మీరే తేల్చుకోవాలి. అక్కడ వచ్చే గీత మీది. నాకు చూడాలని ఉన్నది అదే.

ఆయన అక్షరాలు కూడా చూసి రాయండి. ఆ చేతిరాత ఎంత అందమంటే దాన్ని కంప్యూటర్ ఫాంటుగా కూడా చేశారు. బళ్లో మీకు ఒడియా, ఇంగ్లీషే కాబట్టి ఈ వంకన తెలుగు గుణింతాలూ వస్తాయి, నాకు ఇంకా సంతోషం.

ఇంకొకటి, చూసి వేసినదాని కింద ‘బాపు గారి బొమ్మ చూసి’ అని రాసి మీ పేరు పెట్టండి. ఆయన సంతకం మాత్రం దింపొద్దు, ఆ బొమ్మని పోటీలకీ పంపొద్దు, పోటీకి సంతలో అవ్వ బొమ్మ పంపండి.

సన్న కుంచె ఒకటి, ఇండియన్ ఇంకు బుడ్డి ఒకటి మీ నాన్న చేత పంపిస్తున్నాను. వాడగానే కుంచె కడిగేయండి, ఇంకు ఎండితే వెంట్రుకలు అట్టకడతాయి. దసరాకి వచ్చేటప్పుడు కుదరని కాగితాలు కూడా చించకుండా తీసుకురండి, అవీ ముందేసుకుని మాట్లాడుకుందాం.

మీ తాతయ్య,
పర్లాకిమిడి