అమ్మమ్మ కుట్టు మిషన్‌ని హాల్లో పెట్టాలనుకుంటున్నారా? కొన్ని అపోహలు – వాస్తవాలు

పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, సామాన్లు పంచుకునేటప్పుడో అటక మీది కుట్టు మిషన్ ఎవరో ఒకరి వాటాకి వస్తుంది. పాత ఇనుముకి వేయబుద్ధి కాదు, చూస్తే కుట్టడం రాదు. "కాస్త బాగుచేసివ్వండి, హాల్లో పెట్టుకుంటాం" అని మా షాపుకి తెస్తారు. తెచ్చేలోపే ఇంట్లో ఎవరో దాని మీద ఒక ప్రయోగం చేసేసి ఉంటారు. నా పనిలో సగం ఆ ప్రయోగాన్ని సరిచేయడమే.

అపోహ: నల్ల పెయింటు కొట్టిస్తే కొత్తదానిలా మెరుస్తుంది

ఆ పాత నలుపు మామూలు పెయింటు కాదు. దాన్ని జపానింగ్ అంటారు. తారు కలిసిన వార్నిష్‌ని పూతలు పూతలుగా వేసి, బట్టీలో కాల్చి గట్టిపరిచేవారు. దాని మీద బంగారు రంగు డెకాల్ బొమ్మలు (కాగితం మీంచి అతికించే అచ్చు బొమ్మలు), వాటి మీద ఒక పల్చటి వార్నిష్ పొర. పాత సింగర్ కంపెనీ మిషన్లలో కొన్నింటి మీద ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మలుంటాయి, చూస్తూ కూర్చోవచ్చు. స్ప్రే పెయింటు ఒక్కసారి పడిందంటే వాటిని వెనక్కి తేలేం. అమ్మమ్మ ఏళ్ల తరబడి బట్ట జరిపిన చోట బంగారం అరిగి నలుపు కనిపిస్తుంటుంది. దాన్ని అలాగే ఉంచండి. అక్కడ గోల్డ్ పెయింటుతో గీతలు దిద్దమని అడిగితే నేను ఒప్పుకోను.

అపోహ: మురికి కదా, స్పిరిటో శానిటైజరో పెట్టి తుడిస్తే పోతుంది

మురికితో పాటు బొమ్మలూ పోతాయి. పైనున్న వార్నిష్ చాలా మిషన్లకి లక్కతో చేసిందే, అది స్పిరిట్‌లో కరుగుతుంది. థిన్నర్, అద్దాలు తుడిచే లిక్విడ్, గిన్నెలు తోమే పీచు కూడా దగ్గరికి రానీయకండి.

మామూలు మిషన్ ఆయిల్ చాలు. దూదికి రెండు చుక్కలు అద్ది, ముందు ఎవరికీ కనపడని మూల ఒకటి తుడిచి చూడండి. దూదికి బంగారు రంగు అంటిందంటే ఆపేయండి. గోధుమరంగు అంటుకుంటే అది ముదిరిన పాత నూనె, ధైర్యంగా సాగండి. బొమ్మల మీద ఆయిల్ రాసి పావుగంట నాననిచ్చి, నొక్కకుండా తుడవాలి. దూది టీ డికాక్షన్ రంగుకి తిరుగుతూనే ఉంటుంది, మార్చుకుంటూ పోవడమే. ఒకే రోజులో దూది తెల్లగా రావాలని పట్టుబడితే చివర్లో చెయ్యి గట్టిగా పడుతుంది, బొమ్మ లేచేది అప్పుడే.

అపోహ: చక్రం తిరగట్లేదు, మిషన్ పోయింది

తొంభై పాళ్లు పోలేదు. లోపల నూనె జిగురై బిగుసుకుంది, అంతే. మన ఇళ్లలో ఇంకో కారణం కొబ్బరినూనె. మిషన్ ఆయిల్ అయిపోతే చేతికందింది వేసేవారు కదా! అది చలికాలంలో పేరుకుంటుంది, ఏళ్లు గడిస్తే బంకలా పట్టేస్తుంది.

సూది కింది పలక విప్పండి. బట్టను నెట్టే పళ్ల సందుల్లో దారప్పోగులు, దుమ్ము, నూనె కలిసి అట్ట కట్టి ఉంటాయి, పటకారుతో లాగేయండి. చక్రం వెనకాల దారం చుట్టుకుందేమో చూడండి. తర్వాత నూనె రంధ్రాలన్నిటిలో, కదిలే ప్రతి కీలు దగ్గరా ఆయిల్ వేసి, హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వెచ్చబెట్టి, రాత్రంతా వదిలేయండి. పొద్దున చక్రాన్ని ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా ఊపాలి. సుత్తి పెట్టి కొట్టారా, అది పోత ఇనుము, పగులుతుంది. దానికి వెల్డింగ్ అందరి చేతా కాదు.

అలంకారానికే అయినా చక్రం తిరిగేలా ఉంచుకోమంటాను. పిల్లలుంటే మాత్రం సూది, కాలి మిషన్ అయితే బెల్టు కూడా తీసి సొరుగులో పెట్టండి. తిరిగే చక్రంలో వేలు పెట్టని పిల్లలుండరు.

అపోహ: వందేళ్లనాటి సింగర్ అంటే లక్షలే

స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో ఉన్న సింగర్ ఫ్యాక్టరీ 1913 ఒక్క ఏడాదిలోనే పది లక్షలకు పైగా మిషన్లు పంపింది. అరుదైన వస్తువు ఎలా అవుతుంది? మీదెప్పటిదో తెలియాలంటే బెడ్ మీద, అంటే మిషన్ అడుగు పలక మీద, కుడివైపున్న సీరియల్ నంబర్ చూడండి. అంకెల ముందు అక్షరం ఉంటే 1900 లేదా ఆ తర్వాతది. "వై"తో మొదలైతే క్లైడ్‌బ్యాంక్‌ది, 1920లు, 30ల నాటిది. ఇక ఉషా అయితే మన దేశపు మిషనే, 1930ల్లో మొదలైంది, కాబట్టి అదింకా వందేళ్లకి రాలేదు.

దీనికి తోడు రెడ్ మెర్క్యురీ పిచ్చి ఒకటి. సింగర్ సూదిలో రెడ్ మెర్క్యురీ అనే ఎంతో విలువైన పదార్థం ఉంటుందని, ఫోను దగ్గర పెడితే సిగ్నల్ పోతుందని 2009లో సౌదీలో పుకారు లేచింది. పాత మిషన్లకి రెండు లక్షల రియాళ్ల దాకా ధర పలికిందని వార్తలొచ్చాయి. అలాంటి పదార్థమే లేదు. మన దగ్గర బియ్యం గింజల్ని లాగేసుకుంటాయని చెప్పి అంటగట్టే రైస్ పుల్లింగ్ చెంబుల కథ కూడా ఈ బాపతే. ఎవరైనా ఫోను పట్టుకుని మీ మిషన్‌ని "టెస్ట్" చేస్తామంటే గుమ్మంలోంచే పంపేయండి.

అపోహ: హెడ్ (స్టాండు మీద కూర్చునే అసలు మిషన్) తీసేసి, స్టాండు మీద వాష్ బేసిన్ పెట్టుకుంటే క్లాస్‌గా ఉంటుంది

ఫొటోలో ఉంటుంది. ఇంట్లో రోజూ నీళ్లు చిందుతుంటే పోత ఇనుము తుప్పు పట్టకేం చేస్తుంది! పీకేసిన హెడ్ మళ్లీ అటకెక్కుతుంది. చెక్క పాడైతే ఆ భాగమే వడ్రంగితో మార్పించండి, మిగతాదానికి లక్క పాలిష్ చాలు.

అపోహ: మన ఇంటిదే కదా, అమెరికా పట్టుకెళ్లొచ్చు

1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన పురావస్తువుల్ని మామూలు వ్యక్తులు దేశం దాటించకూడదు. ప్రతి పాత మిషనూ పురావస్తువేమీ కాదు, కానీ ఆ వాదన కస్టమ్స్ కౌంటర్ దగ్గర పెట్టుకోకండి. అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది, అనుమానముంటే ప్రయాణానికి చాలా ముందే అడగండి. హెడ్ ఒక్కటే పది కిలోలు దాటుతుంది కాబట్టి లగేజీ లెక్క కూడా చూసుకోండి. ప్యాక్ చేసేటప్పుడు దారపు రీలు పుల్లలు విప్పి విడిగా చుట్టండి, ముందుగా విరిగేవి అవే.